మా బడి సార్లకు, టీచరమ్మలకు ఒక రిటైర్డ్ నర్సమ్మ బహిరంగ లేఖ

తేదీ: 15 నవంబర్ 2021

గ్రామీణ పాఠశాలల ఉపాధ్యాయులకు, ఉపాధ్యాయ సంఘాల నాయకులకు, విద్యాశాఖ, వైద్య ఆరోగ్య శాఖ అధికారులకు,

నమస్కారం.

నేను ప్రకాశం జిల్లాలో 32 ఏళ్ళు ఏఎన్ఎంగా పనిచేసి 2019లో రిటైర్ అయ్యాను. ఇప్పటికీ ఊళ్ళో నన్ను నర్సమ్మ అనే పిలుస్తారు. మొన్న మార్చిలో అరవై దాటినవాళ్ళకు కోవిడ్ టీకా మొదలైన మొదటి వారంలోనే నేను వేయించుకున్నాను. అప్పటి నుంచి మా సబ్‌సెంటర్‌లో పిల్లలు (కొత్త ఏఎన్ఎం, ఆశా కార్యకర్తలు నాకు పిల్లలే) టీకా వేస్తుంటే వాళ్ళకు సాయం చేస్తున్నాను. ఇంటింటికీ తిరగడం, భయపడేవాళ్ళకు నచ్చజెప్పడం, వేయించుకున్నవాళ్ళను అరగంట కూర్చోబెట్టి చూసుకోవడం నా పని.

ఉపాధ్యాయులంటే నాకున్న గౌరవం గురించి ఎక్కువ రాయను. నా ఇద్దరు పిల్లలూ సర్కారు బడిలోనే చదివారు. అంతే చాలు.

ఈ లేఖ రాయడానికి కారణం ఉంది. ఆగస్టు 16న మన రాష్ట్రంలో బడులు తెరిచారు. అదే నెలలో మా ఊరి బడికి వెళ్ళి, టీకా వేయించుకోని టీచర్లతో ఒక గంట మాట్లాడతాను, సమయం ఇవ్వండి అని అడిగాను. "పై నుంచి ఆర్డర్ లేదమ్మా" అన్నారు. సెప్టెంబర్‌లో మళ్ళీ అడిగాను. "పరీక్షలున్నాయి, తర్వాత చూద్దాం" అన్నారు. అక్టోబర్‌లో మండల ఆఫీసులో రాతపూర్వకంగా అర్జీ ఇచ్చాను. రసీదు ఇచ్చారు. జవాబు రాలేదు. ఫోన్ చేస్తే విద్యాశాఖ వాళ్ళు "అది ఆరోగ్య శాఖ పని" అన్నారు, ఆరోగ్య శాఖ వాళ్ళు "టీచర్ల సంగతి మా చేతిలో లేదు" అన్నారు. మూడు నెలలు ఇలా గడిచాయి. ఇక నలుగురికీ తెలిసేలా రాయడం తప్ప నాకు వేరే దారి కనిపించలేదు.

ముందే ఒక మాట. టీచర్లలో చాలామంది టీకా వేయించుకున్నారు. నా చేతులమీదుగా కూర్చోబెట్టి పంపినవాళ్ళే ఎందరో ఉన్నారు. నా బాధ వేయించుకోని కొద్దిమంది గురించి, వేయించుకుని కూడా ఎవరికీ చెప్పకుండా ఊరుకున్న ఎక్కువమంది గురించి. ఊళ్ళో దాని ప్రభావం ఎలా ఉందో మీరు చూడలేదు, మేం రోజూ చూస్తున్నాం. అది చెప్పడానికే ఇది.

ఊళ్ళో ఏం జరుగుతోంది

1. దసరా వెళ్ళాక ఊరి చివర కాలనీలో ఒక ఇంటికి వెళ్ళాను. ఆ ఇంటామె మిరప చేలో కలుపు తీసి అప్పుడే వచ్చింది. తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కుంటోంది. ఆమె భర్తకు షుగరు. మే నెలలో వాళ్ళ పక్కింట్లోనే పది రోజుల తేడాలో ఇద్దరు పోయారు. "సూది ఇంకా వేయించుకోలేదేమ్మా?" అన్నాను. ఆమె చెంబు కింద పెట్టి, "మా పిల్లోడి సారే వేయించుకోలేదంట నర్సమ్మా. అంత సదువుకున్నాయన ఊరికే మానుకుంటాడా? అందులో ఏదో ఉండబట్టే గదా" అంది.

నేను చదువుకున్నది చెప్పాను, చూసింది చెప్పాను, నా చేతికి వేయించుకున్నానని చెప్పాను. అన్నీ విని, "నువ్వు గవర్నమెంటోళ్ళ మనిషివి, నువ్వట్టాగే చెప్తావు" అంది. ఆమె దృష్టిలో సారు గవర్నమెంటు మనిషి కాదు. తన కొడుక్కి అక్షరాలు దిద్దించిన మనిషి. ఆధార్ కార్డులో పేరు తప్పు పడితే కాగితం రాసిపెట్టే మనిషి. బ్యాంకు నుంచి ఉత్తరం వస్తే చదివి చెప్పే మనిషి. ఆయన మాట మీద ఆమెకున్న నమ్మకం నా 32 ఏళ్ళ సర్వీసు మీద లేదు. అందుకు నాకు బాధ లేదు. ఆ నమ్మకం మీ దగ్గర ఊరికే పడి ఉందే అన్నదే నా బాధ.

ఈ ఒక్క నెలలో ఇలాంటి మాట నేను ఎన్ని గడపల దగ్గర విన్నానో లెక్కపెట్టడం మానేశాను. "టీచరమ్మ వేయించుకున్నాక చూద్దాం." "బళ్ళో సార్లు వద్దంటున్నారంట." ఆ సారు నిజంగా వద్దన్నాడో లేదో ఎవరికీ తెలియదు. ఆయన వేయించుకోలేదన్న ఒక్క సంగతి చుట్టూ ఊరే మిగతా కథ అల్లుకుంటోంది.

2. కోవిషీల్డ్ సీసా ఒక్కోదాంట్లో పది డోసులు ఉంటాయి. మూత తీశాక నాలుగు గంటల్లో వాడేయాలి. మిగిలింది పారేయాలి. ఎంత వృథా అయిందో పైకి లెక్క చెప్పాలి కాబట్టి, పదిమందీ కూడేదాకా మూత తీయడానికి పాపం ఆ ఏఎన్ఎం పిల్లలు భయపడతారు. అక్టోబర్‌లో ఒక బుధవారం నలుగురు టీచర్లు మధ్యాహ్నం వస్తామన్నారు. ఆ నమ్మకంతో ఆరుగురు కూలీ ఆడవాళ్ళను పిలిపించాం. పనికి పోకుండా వచ్చారు. పన్నెండు అయింది, ఒంటిగంట అయింది. ఫోన్ చేస్తే ఒకరు ఎత్తలేదు, ఒకరు "మళ్ళీ వారం చూద్దాంలే" అన్నారు. రెండు దాటాక, ఆరుగురికైనా వేసేద్దాం, వృథా లెక్క నేను చెప్పుకుంటాను అని ఏఎన్ఎం అమ్మాయి సీసా బయటికి తీసేసరికి, ఆ ఆరుగురిలో ఇద్దరు వెళ్ళిపోయారు. వాళ్ళకు ఆ పూట కూలీ పోయింది. మళ్ళీ రాలేదు. పిలిస్తే "మీ సార్లనే పిలుచుకోండి" అంటున్నారు.

3. పిల్లలకు ఇంకా టీకా రాలేదు. 18 ఏళ్ళు నిండినవాళ్ళకే వేస్తున్నారు. బడిలో ఒక గదిలో నలభై మంది పిల్లలు కూర్చుంటే, ఆ గదిలో టీకా వేయించుకోవడానికి అర్హత ఉన్న మనిషి ఒక్కరే. అది మీరే. పిల్లలకు వచ్చినా మామూలుగా తేలికగా పోతుంది, నిజమే. కానీ ఆ పిల్లలు సాయంత్రం వెళ్ళేది ఎవరి దగ్గరికి? మా ఊళ్ళో చాలా ఇళ్ళలో తల్లిదండ్రులు బేల్దారి పనులకు హైదరాబాద్, బెంగళూరు పోతే పిల్లలు అవ్వల దగ్గర, తాతల దగ్గర ఉంటున్నారు. ఒకే మంచం మీద మనవడు, అవ్వ. ఆ అవ్వకు బీపీ ఉంటుంది, షుగరు ఉంటుంది, సూది మాత్రం ఉండదు.

4. బడి మళ్ళీ మూతపడితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. 2020 మార్చిలో మూసిన బడులు ఆ నవంబర్‌లో విడతలుగా తెరుచుకుని, ఈ ఏప్రిల్‌లో మళ్ళీ మూతపడ్డాయి. ఆ ఏడాదిన్నరలో ఆరో తరగతి పిల్లవాడు మేకల వెంట పోవడం చూశాను. తొమ్మిదో తరగతి పిల్లకు పెళ్ళి చూపులు జరుగుతుంటే అంగన్‌వాడీ టీచరు, నేను కలిసి వెళ్ళి ఆపాల్సి వచ్చింది. ఫోన్ ఉన్న పిల్లలకు ఆన్‌లైన్ క్లాసు, లేని పిల్లలకు మిరప కోత. బడి తెరిచి ఉండాలంటే బడిలోని పెద్దవాళ్ళందరికీ రక్షణ ఉండాలి. టీచర్లే కాదు, మధ్యాహ్నం భోజనం వండేవాళ్ళు, ఆయాలు, ఆటో డ్రైవర్లు కూడా.

5. ఇది రాయడానికి నాకు చేయి ఆడలేదు గానీ రాయక తప్పదు. "సూది వద్దమ్మా, వేసినట్టు ఆన్‌లైన్‌లో ఎక్కించు, సర్టిఫికెట్ వస్తే చాలు" అని అడిగినవాళ్ళలో టీచర్లు కూడా ఉన్నారు. మా ఏఎన్ఎం అమ్మాయి ఒప్పుకోలేదు. ఒప్పుకుని ఉంటే ఏమయ్యేది? కాగితం మీద ఆ బడిలో అందరికీ రక్షణ ఉన్నట్టు. గదిలో మాత్రం లేనట్టు. రేపు జ్వరం వచ్చి ఆసుపత్రికి పోతే డాక్టర్ ఆ కాగితం చూసి వైద్యం చేస్తాడు. పిల్లలు పరీక్షలో కాపీ కొడితే మీరు ఊరుకుంటారా?

మీ కోపంలో న్యాయం ఉంది

ఇక్కడ మీ పక్షాన కూడా మాట్లాడాలి. నిరుడు మేలో లాక్‌డౌన్ మధ్య మద్యం షాపులు తెరిస్తే, విశాఖ జిల్లాలో క్యూలు సరిచేయడానికి టీచర్లను నిలబెట్టారు. ఆ ఫోటోలు చూసి నాకే కళ్ళు తిరిగాయి. ఈ ఏడాది ఫిబ్రవరిలో పంచాయతీ ఎన్నికలు, మార్చిలో మున్సిపల్ ఎన్నికలు, ఏప్రిల్‌లో పరిషత్ ఎన్నికలు. బ్యాలెట్ పెట్టె మోసింది ఎక్కువగా మీరే. ఉత్తరప్రదేశ్‌లో పంచాయతీ ఎన్నికల డ్యూటీ చేసి 1,621 మంది సిబ్బంది చనిపోయారని అక్కడి ఉపాధ్యాయ సంఘం పేర్లతో సహా జాబితా ఇస్తే, ప్రభుత్వం మొదట ముగ్గురే అంది. మన దగ్గర కూడా మే నెలలో ఎంతమంది సార్లు పోయారో ప్రతి మండలంలో తెలుసు. మా మండలంలో పోయిన ఒక లెక్కల సారు దగ్గర నా కొడుకు పదో తరగతి చదివాడు. ఆయన్ని చివరి చూపు చూడటానికి కూడా ఎవరినీ రానివ్వలేదు.

ఇన్ని జరిగాక ప్రభుత్వం చెప్పే మాట మీద నమ్మకం సడలడం సహజం. కానీ టీకా ప్రభుత్వం మనకు చేసే ఉపకారం కాదు, అది మన హక్కు. ఈ జనవరిలో పంచాయతీ ఎన్నికల నోటిఫికేషన్ వచ్చినప్పుడు "ముందు మాకు టీకా ఇవ్వండి, తర్వాతే డ్యూటీ" అని ఉద్యోగ సంఘాలు సుప్రీంకోర్టు దాకా వెళ్ళాయి. జనవరి 25న కోర్టు ఎన్నికలు ఆపడానికి ఒప్పుకోలేదు. టీకా లేకుండానే మీరు డ్యూటీకి వెళ్ళారు. అప్పుడు మీరు అడిగింది నూటికి నూరుపాళ్ళు న్యాయం. ఆగస్టులో కేంద్రం టీచర్ల కోసమని రాష్ట్రాలకు అదనంగా 2 కోట్ల డోసులు ఇస్తామని, సెప్టెంబర్ 5 గురుపూజోత్సవం లోపు అందరికీ వేయాలని చెప్పింది. అంటే జనవరిలో మీరు అడిగినది ఇప్పుడు మన సబ్‌సెంటర్ ఐస్ పెట్టెలో ఉంది. దాన్ని మీరెందుకు వద్దంటున్నారో నాకు అర్థం కావడం లేదు.

స్టాఫ్ రూముల్లో నేను విన్న మాటలు

నేను డాక్టర్‌ని కాదు. నాకు తెలిసినంత, పీహెచ్‌సీ డాక్టర్‌ని అడిగి తెలుసుకున్నంత చెబుతాను.

"తొందరపడి చేసిన టీకా" అంటున్నారు. ఈ ప్రశ్న జనవరిలో వేసినవాళ్ళను నేను తప్పు పట్టను. మూడో దశ ఫలితాలు రాకముందే కోవాగ్జిన్‌కు అనుమతి ఇచ్చారు. అప్పుడు నాకూ అనుమానమే వచ్చింది. కానీ ఇప్పుడు నవంబర్. 25 వేల మందికి పైగా జరిపిన పరీక్షలో 77.8 శాతం పనిచేస్తుందని తేలింది, ఆ ఫలితాలు ఈ నెలలోనే లాన్సెట్ వైద్య పత్రికలో అచ్చయ్యాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ నెల 3న అత్యవసర వినియోగానికి అనుమతి ఇచ్చింది. కోవాగ్జిన్‌లోలా చంపిన వైరస్‌తో టీకా చేయడం కొత్త పద్ధతి కూడా కాదు. కుక్క కరిస్తే వేసే సూది అదే పద్ధతిలో తయారవుతుంది. అది వేసుకోను అని ఇంతవరకు ఏ సారూ నాతో అనలేదు. అక్టోబర్ 21 నాటికి దేశంలో 100 కోట్ల డోసులు వేశారు.

"రక్తం గడ్డ కడుతుందట." కోవిషీల్డ్‌తో అరుదుగా అలా జరుగుతుంది, దాచాల్సిన పని లేదు. టీకా తర్వాత వచ్చే ఇబ్బందులను విచారించే జాతీయ కమిటీ మే నెలలో ఇచ్చిన లెక్క ప్రకారం మన దేశంలో 10 లక్షల డోసులకు 0.61 కేసు. టీకా వేయించుకున్న మూడు వారాల్లోపు ఊపిరి ఆడకపోవడం, ఛాతీలో నొప్పి, ఒక కాలే వాయడం, తగ్గని తలనొప్పి ఉంటే వెంటనే ఆసుపత్రికి రావాలి. ఈ మాట మేం ప్రతి ఒక్కరికీ చెప్పి పంపాలి. చెప్పకపోతే అడగండి.

"తమిళ నటుడు వివేక్ టీకా వేసుకున్న రెండో రోజే పోయాడు." ఏప్రిల్‌లో ఆ వార్త వచ్చినప్పుడు మా కేంద్రంలో వారం రోజులు మనిషి కనిపించలేదు. ఆయన మరణానికి టీకా కారణం కాదని జాతీయ కమిటీ విచారించి అక్టోబర్‌లో తేల్చింది. ఆ మొదటి వార్త మీ స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో ఎన్నిసార్లు తిరిగిందో నాకు తెలుసు. రెండో వార్త ఒక్కసారైనా తిరిగిందా?

"పిల్లలు పుట్టరు." కొత్తగా పెళ్ళైన టీచరమ్మలు ఈ మాట నాతో గుసగుసగా అడుగుతారు. అలా అడగడం నాకు ఇష్టం, ఎందుకంటే జవాబు చెప్పే అవకాశం వస్తుంది. దానికి ఏ ఆధారమూ లేదమ్మా. పాలిచ్చే తల్లులకు మే నుంచి, గర్భిణులకు జూలై నుంచి వేయించుకోమని కేంద్రమే చెప్పింది. గర్భంతో ఉండగా కోవిడ్ వస్తే తల్లికీ బిడ్డకీ ఎంత ప్రమాదమో మేలో మా కళ్ళతో చూశాం.

"వేయించుకున్నా వస్తోందిగా." వస్తుంది. కానీ ఆక్సిజన్ దాకా, ఐసీయూ దాకా పోయే అవకాశం బాగా తగ్గుతుంది. ఒక్కరోజులో రాష్ట్రంలో 24 వేల కేసులు దాటిన మే నెలను చూసినవాళ్ళకు ఈ తేడా ఎంత పెద్దదో విడమరచి చెప్పాలా?

"నాకు ఒకసారి వచ్చిపోయింది." తగ్గిన మూడు నెలలకు వేయించుకోవచ్చు.

"కృష్ణపట్నం మందు తిన్నాను, చాలు." మేలో ఆ నాటు మందు కోసం జనం కిలోమీటర్ల పొడవున బారులు తీరినప్పుడు వాళ్ళ భయం నాకు అర్థమైంది. ఆసుపత్రిలో మంచం దొరకని రోజులవి. తిన్నవాళ్ళను నేనేమీ అనను. టీకా కూడా వేయించుకోండి అనే అంటాను.

ఇక చేతికి అయస్కాంతం అంటుకుంటుంది అన్న వీడియో. ఒక సైన్సు సారు నాకే చూపించారు. ఆయన రూపాయి బిళ్ళ తీసి నా చేతి మీద పెట్టారు. నిజంగానే అంటుకుంది. చెమట చేతికి. టీకా వేయించుకోని ఆయన చేతి మీద పెడితే అక్కడా అంటుకుంది. ఆయన కాసేపు ఆలోచించి, మరుసటి బుధవారం వచ్చి వేయించుకున్నారు. ఆ రాత్రి 101 జ్వరం వచ్చింది, పారాసిటమాల్ వేసుకున్నారు, మర్నాడు తగ్గింది. అదంతా తనే తరగతిలో పిల్లలకు చెప్పారట. ఆ వారం ఎనిమిదో తరగతి పిల్లలు తమ అవ్వలను చేయి పట్టుకుని తీసుకొచ్చారు. నేను ఆ ఊళ్ళో రెండు నెలలు తిరిగినా రాని ముసలివాళ్ళు వాళ్ళు.

ఒకప్పుడు ఈ పని మీరే చేశారు

1995 డిసెంబర్‌లో మొదటి పల్స్ పోలియో వచ్చినప్పుడు నేను అప్పుడు పనిచేస్తున్న ఊళ్ళో పొద్దున తొమ్మిది దాకా ఒక్క బిడ్డ రాలేదు. చుక్కలు వేస్తే పిల్లలకు మగతనం పోతుందని పుకారు. బూత్ బడి వరండాలోనే పెట్టాం. హెడ్మాస్టారు సైకిల్ మీద ఇంటికి పోయి రెండేళ్ళ మనవణ్ణి ముందు కూర్చోబెట్టుకుని తెచ్చారు. వేపచెట్టు కింద నిలబడి చూస్తున్న జనం ముందు, వాడి దవడలు పట్టి నోరు తెరిచి, "వెయ్యమ్మా" అన్నారు. రెండు చుక్కలు వేశాను. వాడు మొహం చిట్లించి ఏడ్చాడు. మాస్టారు వాణ్ణి భుజాన వేసుకుని వరండాలో అటూ ఇటూ తిరిగారు, అందరూ చూసేలా. పదకొండు గంటలకల్లా నా దగ్గర చుక్కలు అయిపోయి ఇంకో పెట్టె కోసం మనిషిని పంపాను. ఆయన ఆ రోజు ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు.

మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లో వచ్చింది. 2014 మార్చిలో పోలియో లేదని సర్టిఫికెట్ వచ్చింది. ఆ ఏళ్ళన్నిటిలో ప్రతి పోలియో ఆదివారం బూత్ దగ్గర నా పక్కన ఒక టీచరు కూర్చున్నారు. 2017 ఆగస్టులో తట్టు, రుబెల్లా టీకా బడుల్లో వేసినప్పుడు కూడా అంతే. వాట్సాప్‌లో పుకార్లు అప్పుడూ వచ్చాయి. టీచరమ్మలు ఒక్కో పిల్ల చేయి పట్టుకుని, ఏడ్చేవాళ్ళ కళ్ళు మూసి, వేయించారు. పిల్లలకు వేయించడానికి లేని భయం, మనకు వేయించుకోవడానికి ఎందుకు వస్తోంది?

అడుగుతున్నవి

ఉపాధ్యాయులను:

1. మొదటి డోసు వేయించుకోనివాళ్ళు ఈ నెలలోనే వేయించుకోండి. రెండోది మరిచిపోయినవాళ్ళు ఫోన్‌లో మెసేజ్ చూసుకోండి. కోవిషీల్డ్ అయితే 84 రోజులు, కోవాగ్జిన్ అయితే 28 రోజులు.

2. ఆరోగ్య కారణం వల్ల వేయించుకోలేనివాళ్ళు డాక్టర్‌కి చెప్పండి. ఊరికి చెప్పాల్సిన పని లేదు, అది మీ సొంత విషయం. కానీ మీ భయాన్ని తరగతి గదిలో, టీ కొట్టు దగ్గర పాఠంలా చెప్పకండి.

3. వేయించుకున్నవాళ్ళు దయచేసి నోరు విప్పండి. వచ్చే పేరెంట్స్ కమిటీ మీటింగులో రెండు నిమిషాలు చాలు. ఎప్పుడు వేయించుకున్నారో, జ్వరం వచ్చిందో లేదో, ఎన్ని రోజులకు తగ్గిందో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. చేయి నొప్పి పెట్టిందని కూడా చెప్పండి. జనం నమ్మేది దాన్నే.

ఉపాధ్యాయ సంఘాలను:

4. పీఆర్సీ (జీతాల సవరణ) మీద, సీపీఎస్ (కొత్త పెన్షన్ పద్ధతి) మీద మీరు మండలం మండలం తిరిగి మీటింగులు పెడతారు. అదే పద్ధతిలో టీకా మీద ఒక్కో మండలంలో ఒక్క మీటింగు పెట్టండి. డాక్టర్‌ని పిలవండి. ఎంత కష్టమైన ప్రశ్నలైనా అడగండి. డ్యూటీలో ప్రాణాలు పోయిన టీచర్ల కుటుంబాలకు పరిహారం, ఉద్యోగం కోసం మీరు చేసే పోరాటంలో నాలాంటివాళ్ళం మీ వెంట ఉంటాం. రెండూ కలిపే అడగండి.

అధికారులను:

5. టీకా క్యాంపు బడిలోనే పెట్టండి, బడి వదిలే సమయానికి. వండేవాళ్ళు, ఆయాలు, పక్క ప్రైవేటు స్కూలు టీచర్లు అందరూ ఒకచోట వేయించుకుంటారు. సీసా కూడా వృథా కాదు. ప్రైవేటు టీచర్లు ఏడాదిగా సగం జీతంతో, అసలు జీతం లేక అల్లాడారు. వాళ్ళను ఎవరూ పిలవడం లేదు.

6. టీకా వేయించుకున్న మర్నాడు జ్వరం వస్తే సెలవు ఇవ్వండి. ఆ సెలవు కోసం సంజాయిషీ అడగకండి. చాలామంది టీచరమ్మలు శనివారం దాకా ఆగుదాం అని వాయిదా వేయడానికి కారణం ఇదే.

7. జీతం ఆపుతాం, చర్య తీసుకుంటాం అన్న బెదిరింపులు వద్దు. బలవంతపు టీకా ప్రాథమిక హక్కులకు విరుద్ధమని మేఘాలయ హైకోర్టు ఈ జూన్‌లోనే చెప్పింది. నా అనుభవం కూడా అదే. బెదిరిస్తే వచ్చేది సూది కాదు, దొంగ ఎంట్రీ. అలాంటి ఎంట్రీ పెట్టమని అడిగినవాళ్ళ మీద, పెట్టినవాళ్ళ మీద మాత్రం తప్పకుండా చర్య తీసుకోండి.

8. సెషన్‌కు ఆరుగురే వచ్చినా సీసా తీయమని ఏఎన్ఎంలకు రాతపూర్వకంగా చెప్పండి. వృథా లెక్కకు వాళ్ళను నిలదీయకండి. వెనక్కి పంపిన కూలీ మనిషి మళ్ళీ రాదు.

9. అక్టోబర్‌లో నేను ఇచ్చిన అర్జీకి జవాబు ఇవ్వండి. కాదంటే కాదని అయినా రాయండి. రెండు శాఖల్లో ఎవరిది బాధ్యతో ఆ కాగితం మీద ఉంటే చాలు, నేను వాళ్ళ దగ్గరికే వెళ్ళి కూర్చుంటాను.

ఈ నెలంతా హర్ ఘర్ దస్తక్ పేరుతో ఇంటింటికీ టీకా తిప్పుతున్నారు. ఎల్లుండి బుధవారం మా సబ్‌సెంటర్‌లో సెషన్ ఉంది. ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా నేను అక్కడే ఉంటాను. మా ఊరి హైస్కూలు టీచర్ల కోసం మూడున్నర తర్వాత ఒక సీసా విడిగా ఉంచమని ఏఎన్ఎం అమ్మాయికి చెప్పాను. మిరప చేలో కలుపుకు పోయే ఆమెను కూడా అదే సమయానికి రమ్మన్నాను. సారు వస్తే వస్తానంది.

ఇట్లు,
ప్రకాశం జిల్లా నుంచి ఒక రిటైర్డ్ ఏఎన్ఎం